పద్నాలుగో నంబరు కుర్రాడి మీద రెండు రిపోర్టులు

అమెరికాలో, ఆష్‌బర్న్‌లో ఉండే నా మేనకోడలు శ్రావ్యకి ఈ మధ్య ఒక హాకీ టీమ్‌లో ఉద్యోగం దొరికింది. మంచు మీద స్కేట్లు కట్టుకుని ఆడే హాకీ. ఆట వీడియోలు చూసి, ఏ కుర్రాడు ఎలా ఆడుతున్నాడో లెక్కలు తీసే పని. జాయిన్ అయ్యే ముందు ఫోన్ చేసి, "మామయ్యా, నువ్వు ట్వంటీ టూ ఇయర్స్ స్కౌటింగ్ చేశావు కదా, నీకు తెలిసిందంతా రాసి పంపవా? టూ పేజెస్ చాలు," అంది. నాకు తెలిసినదానికి రెండు పేజీలు ఎక్కువేమో అనుకుంటూ కూర్చున్నాను. కూర్చున్నాక పెరిగింది.

ఇంగ్లీషులో రాయమంది. ఇరవై రెండేళ్ళు ఇంగ్లీషులో రిపోర్టులు రాసీ రాసీ, ఆ భాషలో కలం పట్టగానే నాకు లేనిపోని జాగ్రత్త వచ్చేస్తుంది. అందుకని తెలుగులో రాస్తున్నాను. శ్రావ్యకి తెలుగు చదవడం రాదు, మా చెల్లెలు చదివి వినిపించాలి. నన్ను తిట్టాలనిపించిన చోటల్లా ఆపి తిట్టుకోవచ్చు. అలాంటి చోట్లు ఇందులో చాలానే ఉన్నాయి.

స్కేటింగ్ రాని స్కౌట్

ముందు పనేమిటో చెప్పాలి. ఏటా వేసవిలో ప్రొఫెషనల్ టీములన్నీ ఒకచోట కూర్చుని, వంతులవారీగా పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళని ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఏడు రౌండ్లు ఉంటాయి. ఆ రోజుకి మా దగ్గర ఒక జాబితా సిద్ధంగా ఉండాలి: వీడి కంటే వాడు మేలు, వాడి కంటే ఇంకొకడు మేలు అని. ఆ జాబితా కోసం చలికాలమంతా ఊరూరా తిరిగి ఆటలు చూసేవాళ్ళే స్కౌట్లు. పద్దెనిమిదేళ్ళవాడు పాతికేళ్ళకి ఎలా ఆడతాడో మేం ఇప్పుడే చెప్పాలి. మా అమ్మాయికి పద్దెనిమిదేళ్ళున్నప్పుడు సాయంత్రం అన్నం తింటుందో లేదో కూడా నేను చెప్పలేకపోయేవాణ్ణి.

అప్పట్లో నేను ట్రాయ్‌లో కారు విడిభాగాలు పరీక్షించే లాబ్‌లో ఇంజనీర్‌ని. మా అమ్మాయిని స్కేటింగ్ క్లాసులో చేర్పించాం. ఆ క్లాసు అయ్యేదాకా నేను చలిలో కూర్చోవాలి. పక్క రింక్‌లో, అంటే మంచు గడ్డకట్టించిన ఇంకో మైదానంలో, మగపిల్లలు హాకీ ఆడేవాళ్ళు. ఊరికే కూర్చోవడం చేతకాక, లాబ్‌లో బేరింగుల గురించి రాసుకున్నట్టే, ఎవరు ఎన్నిసార్లు పడ్డారు, పడ్డాక ఎంతసేపటికి లేచారు అని నోట్‌బుక్‌లో రాసేవాణ్ణి. రెండేళ్ళ తర్వాత ఒక కోచ్ ఆ నోట్‌బుక్ సంగతి తెలుసుకుని, తనకి తెలిసిన స్కౌటింగ్ డైరెక్టర్‌కి నా గురించి చెప్పాడు. ఆయన పేరు డేల్. ఒకప్పుడు ఆడినవాడు, ముందు పళ్ళు మూడు సొంతవి కావు. నన్ను మొదట పార్ట్‌టైమ్‌గా తీసుకుని, తర్వాత పూర్తిగా పెట్టుకున్నాడు. మూర్తి అనే పేరు ఆయన నోటికి అందక మర్ఫ్ అనేవాడు. ఫోన్‌లో మాత్రమే మాట్లాడినవాళ్ళు నేను ఐరిష్ వాణ్ణనుకునేవాళ్ళు. నేనూ వాళ్ళని నిరాశపరచలేదు.

నాకు స్కేటింగ్ రాదు. టీమ్ పిక్నిక్‌లో ఒకసారి బలవంతం చేసి మంచు మీదికి దింపారు. మొత్తం నాలుగు సెకన్లు ఉన్నాను. అందులో ఒక సెకను గాల్లోనే. ఆ తర్వాత ఆరు నెలల పాటు ఆఫీసులో ఆ వీడియో తిరిగింది. కుర్రాళ్ళ స్కేటింగ్‌కి నేను మార్కులు వేస్తున్నప్పుడు మావాళ్ళు నా మొహం చూసి ఎందుకు నవ్వేవాళ్ళో ఇప్పుడు నీకు అర్థమవుతుంది శ్రావ్యా.

నేను నిజంగా నిపుణుణ్ణని చెప్పుకోగలిగిన విషయం ఒక్కటే. కుషన్. రింకుల్లో కూర్చునేవి అల్యూమినియం బెంచీలు. మందంగా ఉన్న మంచి కుషన్ ఒకటి కొనుక్కో తల్లీ. మిగతావన్నీ నెమ్మదిగా నేర్చుకోవచ్చు.

ఇంకో సంగతి. నేను నోట్‌బుక్ తెలుగులో రాసేవాణ్ణి. రింక్‌లో పక్కసీట్లో వేరే టీమ్ స్కౌట్ కూర్చుంటాడు, కాఫీ తాగుతూ ఓరకంట మన కాగితం చూస్తాడు. తెలుగు చూస్తే వాడికేం దొరుకుతుంది? ఒకాయన ఏళ్ళ తరబడి అది షార్ట్‌హ్యాండ్ అనుకుని, చివరికి ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. అయిదో ఏట, పలక మీద అన్నాను.

నా గొప్ప స్ప్రెడ్‌షీట్

మొదటి ఏడాది నేనొక అద్భుతం తయారుచేశాను. వేగానికి ఇన్ని మార్కులు, ఎత్తుకి ఇన్ని, షాట్ బలానికి ఇన్ని అని ప్రతి కుర్రాడికీ మొత్తం వేసి, ర్యాంకులు తీశాను. ఎంట్రన్స్ ర్యాంకులు చూసి మనుషుల్ని కొలిచే చోట పుట్టి పెరిగినవాణ్ణి కదా, ర్యాంకు కనబడితే గాని నాకు మనిషి కనబడేవాడు కాదు. ఫస్ట్ ర్యాంకు ఒక పొడుగాటి కుర్రాడికి వచ్చింది. మీటింగ్‌లో గర్వంగా చూపించాను.

డేల్ చాలాసేపు చూశాడు. "చాలా అందంగా ఉంది, మర్ఫ్," అన్నాడు. "కుర్రాణ్ణి వదిలేసి దీన్నే డ్రాఫ్ట్ చేద్దామా?"

గదంతా నవ్వింది. ఆ మధ్యాహ్నం ఆయన నన్ను కార్లో ఎక్కించుకుని ఆ పొడుగాటి కుర్రాడి ఆటకి తీసుకెళ్ళాడు. "ఇవాళ పక్ చూడకు," అన్నాడు. పక్ అంటే ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ. "వాడి దగ్గర పక్ లేనప్పుడు వాణ్ణి చూడు." చూశాను. పక్ దగ్గర ఉన్నంతసేపు వాడు గుర్రంలా పరిగెత్తాడు. పక్ పోగానే నడుము మీద చేతులు వేసుకుని, పెళ్ళిలో భోజనం పిలుపు కోసం చూసేవాడిలా నిలబడ్డాడు. ఆటలో ఎక్కువ సమయం ఏ కుర్రాడి దగ్గరా పక్ ఉండదని, ఆ సమయంలో ఏం చేస్తాడన్నదే కుర్రాడి అసలు సంగతని నాకు అప్పుడు తెలిసింది. తప్పు చేసిన వెంటనే ఏం చేస్తాడన్నది రెండో సంగతి.

ఇద్దరు కుర్రాళ్ళని పోల్చడానికి డేల్ మార్కులు అడిగేవాడు కాదు. ఒకే ప్రశ్న వేసేవాడు: "ఒక గోల్ ముందున్నాం. ఆఖరి నిమిషం. వీళ్ళిద్దరిలో ఎవర్ని దింపుతావ్?" స్ప్రెడ్‌షీట్ తడుముకునే టైమ్ ఇచ్చేవాడు కాదు. మొదట నోటికొచ్చిన పేరే నీ అభిప్రాయం అనేవాడు.

ఆయన పెట్టిన రూల్ ఇంకొకటి ఉంది. ఆట అయిపోగానే, పార్కింగ్ లాట్‌లో కారు తీయక ముందే, రిపోర్ట్ సిస్టమ్‌లోకి ఎక్కించాలి. ఇంటికెళ్ళి రాస్తే చూసింది పోయి ఆలోచించింది మిగులుతుందనేవాడు. ఇరవై రెండేళ్ళలో నేను ఈ రూల్ ఒక్కసారే తప్పాను.

పేరు లేని కుర్రాడు

ఒక జనవరిలో మంచు కురిసి హైవే మీద ఇరుక్కుపోయి, ఆటకి ఆలస్యంగా వెళ్ళాను. ఆటగాళ్ళ పేర్లుండే కాగితాలు అయిపోయాయి. పిల్లల జెర్సీల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. హెల్మెట్‌కి ముందు ఇనుప జాలీ ఉంటుంది కాబట్టి మొహాలు కనబడవు. సరే, నంబర్లతోనే రాసుకుందాం అనుకుని కూర్చున్నాను.

తెల్ల జెర్సీ, పద్నాలుగో నంబరు, డిఫెన్స్ కుర్రాడు. డిఫెన్స్ అంటే అవతలివాళ్ళు గోల్ కొట్టకుండా వెనక కాపు కాసేవాడు. నేను కూర్చున్న మొదటి అయిదు నిమిషాల్లో వాడు చేసిన తప్పుకి గోల్ పడింది. వాడి తర్వాతి ఇరవై నిమిషాలూ చూశాక నేను కాఫీ తాగడం మర్చిపోయాను. నోట్‌బుక్‌లో పేజీ మొత్తం నింపి, కింద మా తొమ్మిది మార్కుల స్కేలులో ఏడు వేశాను. నేను ఏడు వెయ్యడం చాలా అరుదు. రిపోర్ట్ ఎక్కించాలంటే పేరు కావాలి. అడుగుదామని కింద లాబీలో నిలబడ్డాను.

పద్నాలుగో నంబరు బయటికొచ్చి హెల్మెట్ తీశాడు. నన్ను చూసి, "హాయ్ మూర్తి అంకుల్!" అన్నాడు.

నిఖిల్. మా లాబ్‌లో నాకు జూనియర్‌గా పనిచేసిన ప్రసాద్ కొడుకు. చిన్నప్పుడు ఎప్పుడో గెట్‌టుగెదర్లలో చూసిందే. హాకీ ఆడతాడని తెలుసు. మనవాళ్ళ పిల్లలు వయొలిన్ వాయించినట్టు ఏదో ఆడతాడనుకున్నాను.

"యూ కేమ్ టు సీ సమ్‌వన్, అంకుల్?" అని అడిగాడు.

"ఊరికే వచ్చాన్రా," అన్నాను. కార్లో కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. పేరు దగ్గర అతని పేరు కొట్టాను. స్క్రీన్ మీద ఆ పేరు, పక్కన రిపోర్ట్ రాసినవాడిగా నా పేరు. రెండూ చూసి, ఇంటికెళ్ళి రాద్దాంలే అని లాప్‌టాప్ మూశాను.

రెండు మార్కుల కోత

మూడు వారాల తర్వాత ఒక స్నేహితుడి గృహప్రవేశంలో ప్రసాద్ నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్ళాడు. చుట్టూ విప్పిన చెప్పుల గుట్ట.

"మూర్తిగారూ, మావాడు చెప్పాడు, మీరు గేమ్‌కి వచ్చారంట కదా."

"ఏదో పని మీద వచ్చాను."

"దాచకండి. వాడికి నేనొక మాట చెప్పేశా. డ్రాఫ్ట్ అయితే ఆడుకో, నేను అడ్డు రాను. కాలేదా, ఇంజనీరింగ్. అటూ ఇటూ కాళ్ళు పెట్టడం కుదరదు. వాడు కూడా ఓకే అన్నాడు. హాకీ నాకేం అర్థం కాదు సార్. వాడు నిజంగా బాగా ఆడతాడో, తండ్రిని కాబట్టి నాకలా అనిపిస్తుందో తెలీదు. మీకు తెలుస్తుంది. మనవాడే కదా, ఒక మాట వేయండి."

నేను ఏదో గొణిగాను. వెళ్ళేటప్పుడు ప్రసాద్ భార్య సునీత, "అన్నయ్యగారూ, వదినకి ఇవ్వండి," అంటూ పులిహోర డబ్బా చేతిలో పెట్టింది. ఆవిడ అందరికీ పెడుతుంది. ఆ రోజు కూడా పదిమందికి ఇచ్చింది. నాకు మాత్రం ఆ డబ్బా లంచంలా కనిపించింది. రిపోర్ట్ పంపేదాకా ముట్టుకోకూడదని ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టాను. ఆ మొదటి ఆట రిపోర్ట్ వాయిదా వేస్తూ వేస్తూ ఇంకో నెల తర్వాత పంపాను. ఈ లోపు డబ్బాలో ఏమైందో మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

అమెరికాలో ఈ ఉద్యోగంలో మనవాళ్ళెవరూ లేరు. మీటింగ్ గదిలో నా రంగు నాకూ, కాఫీకీ తప్ప ఇంకెవరికీ ఉండేది కాదు. అక్కడ నేను "ఈ తెలుగు కుర్రాడు బాగున్నాడు" అంటే ఏమనుకుంటారు? మర్ఫ్ తనవాణ్ణి తోస్తున్నాడని అనుకోరూ? ఎవరూ ఎప్పుడూ అలా అన్నది లేదు. అనుకుంటారేమోనని నేనే అనుకున్నాను. మాట సాయం, సిఫార్సు, మనవాడు అనే మాటల మధ్య పెరిగిన మనిషికి ఆ అనుమానం బయటినుంచి రానక్కర్లేదు.

కాబట్టి నేను నిష్పక్షపాతంగా ఉండాలని తీర్మానించుకున్నాను. ఆ సీజన్‌లో నిఖిల్‌ని ఇంకా ఆరుసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ మనసులో వచ్చిన మార్కు లోంచి రెండు కోసేవాణ్ణి. ఏడు అనిపిస్తే అయిదు. కోతకి కారణం కావాలి కదా. "అడుగులు కాస్త బరువు" అని మొదటి ఆట రిపోర్ట్‌లో కూడా రాశాను. నా నోట్‌బుక్‌లో మొదటి రోజు ఏం రాశానో నాకు గుర్తుంది. అడుగుల చప్పుడే లేదని రాశాను.

ఆ ఏడాదే మా మీటింగ్‌లో రిక్ అని ఇంకో స్కౌట్ లేచి, "ఈ కుర్రాడు మా బావమరిది కొడుకు. బాగా ఆడతాడు. నా మాట నమ్మకండి, ఇంకొకర్ని పంపి చూడండి," అన్నాడు. అందరూ నవ్వారు. డేల్ ఇంకొకర్ని పంపాడు. ముప్పై సెకన్లలో అయిపోయింది. నేనూ నవ్వాను. "డేల్, ఈ పిల్లాడి తండ్రి నా స్నేహితుడు, ఇంకొకర్ని పంపు" అనే ఒక్క వాక్యం నా నోట్లో కూడా సిద్ధంగానే ఉంది. నేను రిక్ కంటే గొప్ప నిజాయితీపరుణ్ణి కదా, అందుకని మింగేశాను.

ఆఖరి నిమిషం

డ్రాఫ్ట్ రోజు మా టేబుల్ దగ్గర బోర్డు మీద పేర్లు రాసిన అయస్కాంతం బిళ్ళలు ఉంటాయి. ఎవరినైనా ఏ టీమ్ అయినా ఎంచుకోగానే ఆ బిళ్ళ తీసేస్తాం. ఏడో రౌండ్‌కి వచ్చేసరికి మాకు ఒకే ఒక్క అవకాశం మిగిలింది. మాకో డిఫెన్స్ కుర్రాడు కావాలి. బోర్డు మీద ఇద్దరు డిఫెన్స్ కుర్రాళ్ళు మిగిలారు. ఇద్దరూ నేను చూసే ఏరియావాళ్ళే. ఒకడు కోడీ. పెద్ద భుజాలు, మంచి మనసు, మామూలు ఆట. రెండోవాడు నిఖిల్.

ఆ సమయానికి ట్రాయ్‌లో ప్రసాద్ ఇంట్లో పది కుటుంబాలు టీవీ ముందు కూర్చున్నాయని నాకు తెలుసు. సునీత పొద్దున మెసేజ్ పెట్టింది. "అన్నయ్యగారూ, ఆల్ ద బెస్ట్" అని. ఎవరికి ఆల్ ద బెస్టో నాకు అర్థం కాలేదు.

డేల్ కుర్చీ నా వైపు తిప్పాడు. "మర్ఫ్. ఇద్దర్నీ ఎక్కువసార్లు చూసినవాడివి నువ్వే. ఒక గోల్ ముందున్నాం. ఆఖరి నిమిషం. ఎవరు?"

నా తలలో పద్నాలుగు అనే అంకె కనబడింది. ఇది నిజం. మొదట వచ్చిందే అభిప్రాయమని ఆయన నేర్పాడు. అది వచ్చింది. నా నోరు "కోడీ" అంది.

"ఖాయమేనా?"

"రెండోవాడికి అడుగులు కాస్త బరువు," అన్నాను.

డేల్ నన్ను నమ్మాడు. నమ్మకూడదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. రిక్ వెళ్ళి కోడీ పేరు ఇచ్చి వచ్చాడు. మా తర్వాత ఎంచుకోవాల్సిన టీములు ఇంకొన్ని ఉన్నాయి. ఒక్కొక్కటి పిలిచినప్పుడల్లా నిఖిల్ పేరు రావాలని ఎదురుచూస్తూ కూర్చున్నాను. నేను దాటేసిన కుర్రాణ్ణి వేరేవాళ్ళు తీసుకోవాలని డ్రాఫ్ట్ హాల్లో దేవుడికి దణ్ణం పెట్టుకున్న స్కౌట్ బహుశా నేనొక్కణ్ణే. ఎవరూ తీసుకోలేదు. సాటి ఇండియన్ స్కౌటే వదిలేశాడంటే ఏదో ఉండి ఉంటుందని వాళ్ళు అనుకుని ఉంటారు.

నిఖిల్ తండ్రికిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. ఆ సెప్టెంబర్‌లో ఇంజనీరింగ్‌లో చేరాడు. స్కేట్లు గరాజ్‌లో మేకుకి తగిలించాడని సునీత మా ఆవిడతో చెప్పింది. మా మీద వాళ్ళకేం కోపం లేదు. ఆ తర్వాత కూడా పులిహోర పంపారు. ప్రసాద్ ఒకసారి పార్టీలో నాతో, "మీ టీమ్‌వాళ్ళకి మీరు మొహమాటపడకుండా ఉన్నది చెప్పి ఉంటారు. అదే మంచిదయింది. లేకపోతే వాడు భ్రమలో ఉండేవాడు," అన్నాడు. నేను ప్లేట్‌లో ఉన్న గారెని చూస్తూ తలూపాను. సిగ్గుతో చచ్చిపోతే బాగుండును అనిపించింది. చావలేదు, రెండో గారె కూడా తిన్నాను.

కోడీ సంగతి

కోడీ మూడు సీజన్లు చిన్న లీగుల్లో ఆడి, మోకాలు దెబ్బతిని, సొంత ఊరికి వెళ్ళి ఫైర్‌ఫైటర్ అయ్యాడు. ఏటా క్రిస్మస్‌కి నాకు కార్డు పంపుతాడు. "నన్ను నమ్మిన ఒకే ఒక్క మనిషికి" అని రాస్తాడు. ఇరవై రెండేళ్ళలో నేను ఎంచుకున్న కుర్రాళ్ళలో పెద్ద లీగ్‌లో ఆడినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళెవరికీ నా మొహం గుర్తుండదు. నాకు కార్డు పంపేది ఒక్క కోడీనే. అతని కార్డుకి జవాబు రాయడానికి నాకు ఏటా జనవరి నెలంతా పడుతుంది.

బేస్‌మెంట్ పెట్టె

నేను రిటైరై ఏడాది దాటింది. మొన్న చలికాలంలో మా ఆవిడ బేస్‌మెంట్ ఖాళీ చేయమంది. నోట్‌బుక్కులు నాలుగు పెట్టెలున్నాయి. పారేసే ముందు తిరగేస్తుంటే ఆ పద్నాలుగో నంబరు పేజీ కనబడింది. చదివాను. మెట్ల మీద కూర్చుని ఇంకోసారి చదివాను. తర్వాత సిస్టమ్‌లో ఎక్కించిన రిపోర్ట్ కాపీ వెతికి తీసి పక్కన పెట్టాను. ఒకే కుర్రాడు, ఒకే ఆట, రాసిందీ నేనే. మధ్యలో మారింది పేరొక్కటే. జీవితమంతా ఇద్దరిద్దరు కుర్రాళ్ళని పోల్చాను కాని, అంత తేడా ఏ ఇద్దరిలోనూ చూడలేదు.

నిఖిల్‌కి ఇప్పుడు ఇరవై అయిదు. ట్రాయ్‌లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారం పొద్దున్నే ఒక రింక్‌లో ఎనిమిదేళ్ళ పిల్లలకి హాకీ నేర్పుతున్నాడని విన్నాను. నోట్‌బుక్‌లోంచి ఆ పేజీ చింపి, రిపోర్ట్ కాపీతో పాటు పట్టుకుని వెళ్ళాను. కుషన్ కూడా తీసుకెళ్ళాను, అలవాటు.

క్లాస్ అయ్యాక పిల్లల హెల్మెట్లు విప్పుతూ నన్ను చూశాడు. "అంకుల్! యూ కేమ్ టు సీ సమ్‌వన్?" అన్నాడు. అప్పుడు లాబీలో అడిగిన ప్రశ్నే.

"నిన్నే చూడటానికి వచ్చాన్రా," అన్నాను. పేజీ చేతికిచ్చాను.

అటూ ఇటూ తిప్పాడు. "అంకుల్, ఇది తెలుగు. నాకు చదవడం రాదు."

ఆ సంగతి నేను ఆలోచించుకోలేదు. కాగితం ఇచ్చేసి, అతను చదువుతుంటే గోడకేసి చూస్తూ నిలబడదామని వచ్చాను. ఇప్పుడు నేనే చదవాలి. వేరే స్కౌట్లకి అర్థం కాకూడదని దాచుకున్న రాత, ఎవరి గురించి రాశానో అతనికే అర్థం కాకుండా ఉంది. కళ్ళజోడు పెట్టుకుని, పిల్లలు ఏడుస్తూ స్కేట్లు విప్పుకుంటున్న ఆ గదిలో, బిగ్గరగా చదివాను.

"పద్నాలుగు. డిఫెన్స్. మొదటి గోల్ వీడి తప్పే. పాస్ అవతలివాడికి వెళ్ళింది. బెంచీ మీద తల దించలేదు. తర్వాతి సారి మళ్ళీ అదే పాస్ వేశాడు, కుదిరింది. భయపడి తేలిక దారి వెతుక్కోలేదు. వెనక్కి స్కేట్ చేస్తుంటే అడుగుల చప్పుడే లేదు. పక్ లేనప్పుడు తనవాళ్ళు ఎక్కడున్నారో చూసుకుంటాడు. ఆఖరి నిమిషంలో వీణ్ణే దింపుతాను. ఏడు."

నిఖిల్ కొన్ని మాటలకి అర్థం అడిగాడు, చెప్పాను. తర్వాత రెండో రిపోర్ట్ ఇంగ్లీషులో ఉంది కాబట్టి అదీ ఇచ్చాను. అది తనే చదువుకున్నాడు. డ్రాఫ్ట్ రోజు నేను ఏమన్నానో, ఎందుకన్నానో చెప్పాను. సారీ అనే మాట ఇంగ్లీషులో అంటే చిన్నదైపోతుందని, తెలుగులో తప్పు చేశాన్రా అన్నాను.

"అంకుల్, ఆల్ దీస్ ఇయర్స్ నేను... ఐ థాట్ ఐ వాజ్ జస్ట్ ఓకే," అన్నాడు. కోపంగా నాలుగు మాటలంటే బాగుండేది. తెలుగు కాగితం జాగ్రత్తగా మడిచాడు. "ఇది నేను ఉంచుకోవచ్చా? డాడ్‌కి ఇస్తా. డాడ్‌కి తెలుగు చదవడం వచ్చు."

ఆ సాయంత్రం ఫోన్ మోగింది. ప్రసాద్.

"మూర్తిగారూ, ఇది మీరు రాసిందేనా?"

"నేనే ప్రసాద్."

"మావాడని తెలిసే రాశారా?"

తిట్టడానికి దారి తీస్తున్నాడనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధపడ్డాను. "తెలీదు. అప్పటికి పేరు తెలీదు నాకు," అన్నాను.

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు.

"అయితే నిజమేనన్నమాట," అన్నాడు.

తర్వాతి శనివారం రింక్‌కి వెళ్ళేసరికి ప్రసాద్ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. పల్చటి స్వెటర్ వేసుకుని, అల్యూమినియం బెంచీ మీద వణుకుతూ, పిల్లల మధ్య వెనక్కి స్కేట్ చేస్తున్న కొడుకు కాళ్ళకేసి చూస్తున్నాడు. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు. నా కుషన్ ఆయనకిచ్చి కూర్చున్నాను.